అల్లుడుగారు టూరిస్టుగా ఎందుకు రావాలి?

ప్రశ్న: మాది భీమవరం. చదువుకని అమెరికా వచ్చి, ఇప్పుడు డాలస్‌లో హెచ్‌1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. మావారు అమెరికన్. పదహారు నెలల కిందట ఇక్కడే కౌంటీలో లైసెన్సు తీసుకుని పెళ్లి చేసుకున్నాం. అమ్మకు రెండు మోకాళ్లూ మార్చాలని డాక్టర్లు చెప్పారు. నాన్నగారు ఒక్కరే చూసుకోలేరు. ఏడాదిపాటు ఇండియా ఆఫీసుకు మారడానికి మా కంపెనీ ఒప్పుకుంది, చాలావరకు ఇంటి నుంచే పని. మావారు కూడా తన అమెరికా ఉద్యోగం భీమవరం నుంచే ఆన్‌లైన్‌లో చేసుకుంటానంటున్నారు. ఇంకో రెండు నెలల్లో బయల్దేరాలి. ఈ-టూరిస్టు వీసా తీసుకుని, గడువు దగ్గరపడగానే కొలంబో వెళ్లి వస్తే సరిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. మా మేనమామేమో గుళ్లో మళ్లీ పెళ్లి చేసి ఇక్కడి సర్టిఫికెట్ తీసుకుంటే పనులు తేలికంటున్నారు. విదేశీయుల్ని ఇండియాలో ఎన్నాళ్లయినా ఉండనిచ్చే ఓసీఐ కార్డు ఆయనకు వస్తుందా? నాన్నగారు రెండెకరాల చేపల చెరువు మా ఇద్దరి పేరా రాస్తానంటున్నారు, రాయించుకోవచ్చా? ఇంకోటి, నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. అమెరికా కాగితాల్లో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడింది. దీనివల్ల ఇబ్బందా?
– డాలస్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: టూరిస్టు వీసా ఆలోచన మానుకోండి. భారత పౌరుల భార్యకు గానీ భర్తకు గానీ ఇచ్చే వీసా వేరే ఉంది. దాని పేరు ఎంట్రీ వీసా, ఎక్స్ వీసా అని కూడా అంటారు. మీకు భారత పాస్‌పోర్టు ఉంది, పెళ్లి రిజిస్టరైంది. ఈ రెండూ ఉన్నాక అత్తగారింటికి వచ్చే మనిషిని తాజ్‌మహల్ చూడ్డానికి వస్తున్నాడని రాయించి తేవడం దేనికి? రాసినంత మాత్రాన కొంపేమీ మునగదు గానీ, ఏడాది పొడవునా రోజులు లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడాలి.

కొలంబో సలహా సంగతి ముందు తేల్చేద్దాం. ఈ-టూరిస్టు వీసా మీద అమెరికన్లు ఒక విడతలో 180 రోజులకు మించి ఉండకూడదు. మొత్తం మీద క్యాలెండర్ ఏడాదికి కూడా అదే 180 రోజుల హద్దు ఉంది. అంటే శ్రీలంక వెళ్లి మూడు రోజులుండి వచ్చినంత మాత్రాన లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవదు. దానికితోడు, ఇలా వరసగా వెళ్లి వస్తున్న పాస్‌పోర్టు చూసి శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారి "ఇక్కడ ఏం చేస్తున్నారు?" అని అడిగితే మీవారు ఏం చెబుతారు? మా అత్తగారి ఆపరేషన్ అంటే, మరి టూరిస్టు వీసా ఎందుకు తీసుకున్నావనే ప్రశ్న వస్తుంది. ఈ-వీసాను ఇక్కడికొచ్చాక పొడిగించుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్న ధీమా కూడా పెట్టుకోకండి. మామూలుగా పొడిగించరు, మార్చరు. పైగా 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్, విదేశీయుల కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. గడువు దాటి ఉండిపోతే మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చని అందులో ఉంది. భార్యాభర్తల విషయంలో అంతదాకా తీసుకెళ్తారా అంటే, పరీక్షించి చూడాల్సిన విషయం కాదు.

ఎంట్రీ వీసాను గరిష్ఠంగా అయిదేళ్లకు ఇస్తారు, ఎన్నిసార్లయినా వచ్చి వెళ్లవచ్చు. ఎంతకాలానికి ఇవ్వాలన్నది కాన్సులేట్ ఇష్టం. మీరు మాత్రం అయిదేళ్లకే అడగండి. ఉండేది ఏడాదే కదా అని ఏడాదికే అడిగితే ఓసీఐ దగ్గర చిక్కు వస్తుంది, అది కింద చెబుతాను. టెక్సస్ హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. భారత ప్రభుత్వ వీసా సైటులో ఫారం నింపేటప్పుడు వీసా రకం దగ్గర ఎంట్రీ వీసా, కారణం దగ్గర భారత పౌరురాలి భర్త అన్నది ఎంచుకోవాలి. మీవారి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. డాలస్ చిరునామా రుజువు, మీ పాస్‌పోర్టు కాపీ, పెళ్లి సర్టిఫికెట్ జతచేయాలి. తల్లిదండ్రులు, తాతముత్తాతల్లో ఎవరికైనా పాకిస్తాన్ పౌరసత్వం ఉండేదా అన్న ప్రశ్న కూడా ఫారంలో ఉంటుంది. వర్తించకపోతే లేదని రాసి ముందుకు పోండి.

వీటన్నిట్లోకీ మీరు మనసు పెట్టాల్సింది పెళ్లి సర్టిఫికెట్ మీద. వీసాకు, ఇక్కడి రిజిస్ట్రేషన్‌కు, రేపు ఓసీఐకి, అన్నిటికీ అదే ఆధారం. టెక్సస్‌లో పెళ్లి జరిపించినవాళ్లు సంతకం పెట్టిన లైసెన్సు తిరిగి కౌంటీ క్లర్కు దగ్గరికి చేరి, అక్కడ రికార్డవుతుంది. ఆ రికార్డు నుంచి క్లర్కు ముద్ర వేసి ఇచ్చే సర్టిఫైడ్ కాపీ కావాలి మీకు. ఫ్రేము కట్టించుకునే అలంకారం కాగితం గానీ, ఇంట్లో తీసిన జిరాక్స్ మీద నోటరీ ముద్ర గానీ పనికిరావు. ఆ సర్టిఫైడ్ కాపీని ఆస్టిన్‌లోని టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి పంపి అపోస్టిల్, అంటే వేరే దేశంలో కూడా చెల్లేలా చేసే ధ్రువీకరణ, వేయించండి, కాగితానికి 15 డాలర్లు. ఇండియా 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి దానిమీద ఇంకే ఎంబసీ ముద్రలూ అక్కర్లేదు. ఒకటి కాదు, మూడు కాపీలు చేయించుకోండి. భీమవరంలో కూర్చుని ఆస్టిన్ నుంచి అపోస్టిల్ తెప్పించుకోవడం ఎంత పనో అప్పుడు తెలుస్తుంది. బయల్దేరడానికి రెండు నెలలే ఉంది కాబట్టి ఈ పని ఈ వారమే మొదలుపెట్టాలి. టికెట్లు మాత్రం వీసా చేతికొచ్చాకే.

ఇక ఎఫ్‌ఎన్‌యూ. మన తెలుగువాళ్లకు ఇది పాత తలనొప్పే. ఇంటిపేరు, అసలు పేరు అన్నీ కలిపి గివెన్ నేమ్ గడిలో రాసి సర్‌నేమ్ గడి వదిలేస్తాం. అమెరికా వాళ్లు ఆ మొత్తాన్ని తీసుకెళ్లి సర్‌నేమ్ చేసి, మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని పెడతారు. మీ డ్రైవింగ్ లైసెన్సులో అదే పడి, అది చూసి కౌంటీ వాళ్లు పెళ్లి సర్టిఫికెట్‌లో కూడా అలాగే రాసి ఉంటే, ఇక్కడ చూసేవాళ్లకు ఆ సర్టిఫికెట్‌లో ఉన్నది, పాస్‌పోర్టులో ఉన్నది ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. అందుకని సర్టిఫైడ్ కాపీ రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. పేరు, పుట్టిన తేదీ, మీవారి మధ్యపేరు, అన్నీ. తేడా ఉంటే రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ ముందు అఫిడవిట్ రాసి దరఖాస్తుతో పాటే ఇవ్వండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి. పాస్‌పోర్టులోనే సర్‌నేమ్ విడగొట్టించుకుని, భర్త పేరు కూడా ఎక్కించుకుంటే శాశ్వతంగా పీడ పోతుంది. కానీ ఈ రెండు నెలల్లో పాస్‌పోర్టు మార్పుకు, వీసాకు ఒకేసారి దిగొద్దు. మీ పాస్‌పోర్టు కాపీ వీసా దరఖాస్తులో ఉండాలి కాబట్టి మధ్యలో నంబరు మారితే కొత్త గందరగోళం. అమ్మ ఆపరేషన్ అయ్యాక ఇక్కడి నుంచే మార్పించుకోండి.

మేనమామగారి సలహాలో ప్రేమ ఉంది, చట్టం లేదు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చెల్లాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. హిందువుకు, క్రైస్తవుడికి ఆ చట్టం కింద జరిగిన పెళ్లి చెల్లదని 2008లో మన ఆంధ్ర నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మీవారు మతం మారకుండా అలాంటి సర్టిఫికెట్ తీసుకుంటే ఆ కాగితానికి విలువుండదు. కాగితం కోసం మతం మారమనడం ఇంకా అన్యాయం. వేర్వేరు మతాలవాళ్లకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ముప్పై రోజుల నోటీసు పెట్టి రిజిస్ట్రారు దగ్గర చేసుకోవచ్చు. కానీ మీకు దాని అవసరం లేదు. మీ పెళ్లి ఎప్పుడో అయిపోయింది.

అసలు ప్రమాదం వేరే ఉంది. టెక్సస్‌లో ఒక తేదీతో, ఇక్కడ ఇంకో తేదీతో రెండు సర్టిఫికెట్లు పుడితే, మీ పెళ్లి ఎప్పుడైనట్టు? ఓసీఐకి రెండేళ్ల లెక్క ఏ తేదీ నుంచి? వేర్వేరు చోట్ల వేర్వేరు తేదీలు రాశారని సందేహం వస్తే సంజాయిషీలు చెప్పుకోవాల్సింది మీరే. మావయ్యగారు ముచ్చట పడుతున్నారు కాబట్టి భీమవరంలో జీలకర్ర బెల్లం పెట్టించండి, మావుళ్లమ్మ గుడికి తీసుకెళ్లండి, ఊరంతటికీ భోజనాలు పెట్టండి. ఫొటోలు ఓసీఐ దరఖాస్తులో కూడా పనికొస్తాయి. రిజిస్ట్రారు ఆఫీసు వైపు మాత్రం వెళ్లకండి.

దిగాక చేయాల్సిన పని ఒకటుంది. ఎంట్రీ వీసా గడువు 180 రోజులకు మించి ఉంటే, దిగిన 14 రోజుల్లోపు మీవారు విదేశీయుల రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఒక్కో రాకకు 180 రోజులు మించకూడదని వీసా మీదే రాసి ఉంటే, ఆలోపు వెళ్లిపోయేవాళ్లకు అక్కర్లేదు. మీరు ఏడాది ఉంటారు కాబట్టి అలాంటి షరతు ఉందేమో వీసా రాగానే చదువుకోండి. ఉంటే అప్పుడే కాన్సులేట్‌ను అడగాలి, విమానం ఎక్కాక కాదు.

దరఖాస్తు విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) వాళ్ల ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ అనే సైటులో ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, పిలిస్తేనే వెళ్లాలి. జిల్లాల్లో ఈ పని ఎస్పీగారి పరిధిలోకి వస్తుంది. 2022లో జిల్లాలు మార్చాక పశ్చిమ గోదావరికి భీమవరమే కేంద్రం కాబట్టి పిలిచినా ఏలూరు దాకా పరుగెత్తాల్సిన పని లేదు. పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చినట్టే స్పెషల్ బ్రాంచి నుంచి ఎవరైనా ఇంటికి రావచ్చు. నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి, పోలీసులు వచ్చారని కంగారు పడకుండా.

ఇక్కడ ఎక్కువమంది తట్టుకుని పడేది చిరునామా రుజువు దగ్గర. ఇల్లు నాన్నగారిదే అయినా కరెంటు బిల్లు ఇంకా తాతగారి పేరు మీద వస్తూ ఉంటుంది. ఆయన పోయి ఇరవై ఏళ్లయినా సరే! అలా అయితే నాన్నగారి పేరున్న ఇంటిపన్ను రశీదు తీయించి పెట్టండి. దానికి ఆయన ఆధార్ కాపీ, అల్లుడు మా ఇంట్లోనే ఉంటున్నాడని ఆయన సంతకంతో ఒక ఉత్తరం జతచేయండి. ఇంకో సంగతి, విదేశీయుడు ఎవరింట్లో దిగితే ఆ ఇంటివాళ్లు 24 గంటల్లో ఆ విషయం ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఫారం-సి అని అందరూ అనేది దీన్నే. హోటళ్లకే అనుకుంటారు గానీ మామగారిల్లు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. నాన్నగారి పేరున లాగిన్ మీరు డాలస్‌లో ఉండగానే తయారు చేసి పెట్టుకోండి. దిగిన రోజు జెట్‌లాగ్, చుట్టాలు, ఆసుపత్రి అపాయింట్‌మెంటు అన్నీ మీద పడితే 24 గంటలు ఎటు పోతాయో తెలియదు. ఆపరేషన్‌కు హైదరాబాద్‌లో ఫ్లాటు తీసుకుని నెలల తరబడి ఉండేట్టయితే చిరునామా మారినట్టు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో చెప్పాలి. ఆ ఫ్లాటు ఓనరుతో కూడా ఫారం-సి వేయించాలి.

మీవారి ఉద్యోగం సంగతి మీరు తేలిగ్గా ఒక వాక్యంలో రాశారు గానీ, వీసా కన్నా ఇదే మెలికల వ్యవహారం. ఎంట్రీ వీసా ఇచ్చేది మీతో కలిసి ఉండటానికి. ఇక్కడి కంపెనీలో చేరాలంటే వేరే అనుమతులు కావాలి, ఆ ఆలోచన ఉంటే ముందు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓను అడగకుండా అడుగు వేయొద్దు. అమెరికా ఉద్యోగం ఆన్‌లైన్‌లో చేసుకోవడంలో ప్రశ్న పన్నుది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉండే ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే పన్ను లెక్కల్లో ఆయన ఇక్కడి నివాసి అవుతారు. అదీకాక, జీతం అమెరికా బ్యాంకులో పడినా పని చేసింది భీమవరంలో కూర్చుని కాబట్టి అది ఇక్కడ వచ్చిన ఆదాయమే. రెండు దేశాల మధ్య పన్నుల ఒప్పందం ఉంది, రెండుసార్లు కట్టకుండా చూసుకోవచ్చు. కానీ దానికి రెండు దేశాల లెక్కలూ తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటు కావాలి, భీమవరంలో మీ నాన్నగారి రిటర్నులు వేసే ఆయన కాదు. అంతకంటే ముందు మీవారి కంపెనీ హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోమనండి. తమ ఉద్యోగి ఏడాదిపాటు ఇంకో దేశంలో కూర్చుంటే కంపెనీకి కూడా పన్ను చిక్కులు వస్తాయి. ఈ మాట వినగానే వద్దనే కంపెనీలు ఉన్నాయి. టికెట్లు కొన్నాక తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం నయం.

మీవైపు కూడా ఒకటి చూసుకోండి. మీవారి ద్వారా గ్రీన్‌కార్డుకు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే, అది తేలకముందే దేశం దాటితే రద్దయ్యే సందర్భాలు ఉన్నాయి. మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. పెట్టి ఉంటే మాత్రం బయల్దేరేముందు అమెరికా ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడండి.

ఓసీఐ వస్తుంది, ఇప్పుడే కాదు. విదేశీ భార్యకు గానీ భర్తకు గానీ ఇవ్వాలంటే పెళ్లి రిజిస్టరై, దరఖాస్తు పెట్టేనాటికి వరసగా రెండేళ్లు నిండి ఉండాలి. పౌరసత్వ చట్టంలోనే ఉందిది. మీకు పదహారు నెలలైంది, రెండు నెలల్లో బయల్దేరతారు. అంటే ఇక్కడికొచ్చిన ఆరు నెలలకు రెండేళ్లు నిండుతాయి. పెళ్లినాటి తేదీ కాకుండా కౌంటీలో రికార్డయిన తేదీ నుంచి లెక్కేసుకోండి, నాలుగు రోజులు ఆలస్యమైనా గొడవ ఉండదు. ఇక్కడి నుంచి దరఖాస్తు పెట్టాలంటే మామూలుగా ఆరు నెలలుగా ఇక్కడ నివసిస్తూ ఉండాలి. మీకు ఆ రెండూ ఒకేసారి కలిసొస్తున్నాయి. టూరిస్టు వీసా మీద ఉన్నవాళ్లు ఇండియాలో ఓసీఐకి దరఖాస్తు పెట్టడానికి లేదు, కొలంబో సలహా వినొద్దనడానికి ఇంకో కారణం ఇదే. ఇండియాలో ఫీజు 15,000 రూపాయలు, అమెరికాలో 275 డాలర్లు.

భార్యాభర్తల దరఖాస్తులకు భద్రతా తనిఖీ తప్పనిసరి. అందుకే మన మూలాలున్నవాళ్లకు వచ్చినంత త్వరగా రాదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడవచ్చు, ఇంటికి వచ్చి విచారించవచ్చు. కార్డు చేతికొచ్చేదాకా ఎంట్రీ వీసా బతికి ఉండాలి, అయిదేళ్లకు అడగమన్నది అందుకే. వచ్చాక రిజిస్ట్రేషన్ల గొడవ ఉండదు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు, కొన్ని రంగాలు మినహా ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. ఓటు ఉండదు. విడాకులైతే కార్డు పోతుంది, ఈ సంగతి మీవారికి ముందే తెలియడం మంచిది.

ఈలోగా ఇక్కడి రోజువారీ బతుకుకు ఆయన మీమీదే ఆధారపడాలి. ఏ యాప్ తెరిచినా ఇక్కడి ఫోన్ నంబరు, ఓటీపీ. పాస్‌పోర్టు, వీసా చూపిస్తే సిమ్ ఇస్తారు. 182 రోజులు ఇక్కడ ఉన్నాక ఆధార్‌కు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతవరకు పాల ప్యాకెట్టుకు కూడా మీ ఫోన్ అడుగుతారు, విసుక్కోకండి.

చెరువు విషయంలో నాన్నగారికి మీరే నచ్చజెప్పాలి. విదేశీయుడి పేర వ్యవసాయ భూమి రాయడానికి వీల్లేదు. రేపు ఓసీఐ వచ్చినా వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు కొనుక్కునే హక్కు ఉండదు. చేపలు పెంచుతున్నాం కదా, వరి కాదు కదా అంటే రిజిస్ట్రారు ఒప్పుకోడు, అడంగల్‌లో ఏమని ఉందో చూస్తాడు. రాయాలనుకుంటే మీ ఒక్కరి పేరా రాయమనండి. అది కూడా అమ్మ ఆపరేషన్ అయ్యాక, మీరు పక్కన ఉండగా. అల్లుడికి ఏమీ ఇవ్వలేదే అని ఆయన బాధపడితే, చెరువు గట్టు మీద రెండు కుర్చీలు వేయించమనండి, దానికి ఏ అనుమతీ అక్కర్లేదు.